అలలమ్మ చేతి మచ్చలు

సముద్రం పక్కన సినిమా ఆడించడమంత దిక్కుమాలిన పని ఇంకొకటి లేదు. గాలి ఆగదు, ఇసుక ఆగదు. డేరా గుడ్డ టపటప కొట్టుకుంటుంటే తెర మీద నాయిక ఏడ్చే ఏడుపు వెనక బెంచీ దాకా వినిపించదు. మైపాడు దగ్గర కామాక్షయ్యగారి టూరింగ్ టాకీసులో ఆపరేటరుగా ఉన్న ఆ ఏళ్ళలో నేను మిషను నడిపిందానికన్నా దాని పళ్ళ సందుల్లోంచి ఇసుక దులిపిందే ఎక్కువ. అయినా ఆ డేరాను తలుచుకుంటే నాకు గుర్తొచ్చేది ఇసుకా కాదు, అక్కడ ఆడిన సినిమాలూ కాదు. డేరా ముందు నిలబెట్టడానికి బొమ్మలు చేసిన సమాధానం అనే మనిషి గుర్తొస్తాడు.

సమాధానానిది కోవూరు. చిన్నప్పుడు బొమ్మల పనివాళ్ళ దగ్గర మట్టి పిసకడం నేర్చాడు. తర్వాత నెల్లూరులో అంగళ్ళకు బోర్డులు రాశాడు. ఆ రెండు పనులూ కలిపి సినిమా బొమ్మల్లోకి దిగాడు. అప్పట్లో అందరూ అట్ట మీద బొమ్మ గీసి, కత్తిరించి, కర్రలకు కట్టి నిలబెట్టేవాళ్ళు. సమాధానం అలా కాదు, నిలువెత్తు మనిషినే చేసేవాడు. వెదురుబద్దల మీద వరిగడ్డి చుట్టి, పెన్నా బంకమట్టి మెత్తి, అది ఆరాక చింతగింజల జిగురులో ముంచిన పాతగుడ్డ అతికి, పైన సుద్ద పూసి, ఎండిన సొరచేప తోలుతో గంటల తరబడి రుద్దేవాడు. రంగు పడ్డాక ఆ బొమ్మను మనిషే అనుకుని కాస్త పక్కకు జరగమన్నవాళ్ళను నేను కళ్ళారా చూశాను. ఒకతను జరగలేదని తిట్టాడు కూడా.

ఆ పనే అతన్ని తినేసింది. యాభై దాటకుండానే డెబ్బై ఏళ్ళవాడిలా అయిపోయాడు. సుద్దపొడి పీల్చి పీల్చి దగ్గు పట్టుకుంది. సన్నగీతలు గీసీ గీసీ కళ్ళవెంట నీళ్ళు కారేవి. కుంచె కింద పెట్టాక ముడుచుకుపోయిన వేళ్ళను రెండో చేత్తో ఒక్కొక్కటే లాగి విప్పుకునేవాడు.

“ఇంక చాల్లే అన్నా, మళ్ళీ బోర్డులు రాసుకోరాదా?” అని నేను విసుక్కునేవాణ్ణి.

“బోర్డు మన పక్క చూడదు గదా మాల్యాద్రీ,” అనేవాడు. ఇలాంటి మాటలు మాట్లాడతాడనే నాకు అతని మీద కోపం.

పిల్లలు లేరు. భార్య రెబెక్కమ్మ అంతకు కొన్నేళ్ళ ముందు మశూచితో పోయింది. ఒళ్ళంతా పుండ్లయి, కళ్ళు తెరవలేక, చివర్లో అతని గొంతు విని చెయ్యి చాచిందట. ఆ చేతిని ఎక్కడ పట్టుకుంటే నొప్పి పుట్టదో తెలియలేదని ఒకసారి రంగు కలుపుతూ చెప్పాడు. చెప్పి, నేనేమన్నా అంటానేమోనని అటు తిరిగి కూర్చున్నాడు. నేనేమంటాను? రంగు గిన్నె అతని చేతికి అందేలా జరిపాను.

అతనికి మిగిలింది ఒక్కటే. నెలలో మొదటి ఆదివారం కోవూరు అవతల వాళ్ళ చిన్న చర్చిలో ప్రభువు బల్ల. ఆ రోజు చిన్న రొట్టెముక్క, ఒక గుక్క ద్రాక్షరసం ఇస్తారు. ఆ బల్ల దగ్గర బతికున్నవాళ్ళూ, ప్రభువులో నిద్రించినవాళ్ళూ ఒకే పంక్తిలో కూర్చుంటారని వాళ్ళ పాస్టరుగారు ఎప్పుడో ప్రసంగంలో చెప్పారట. అందరూ విని ఇళ్ళకు పోయి మరిచిపోయి ఉంటారు. సమాధానం మాత్రం ఆ మాట పట్టుకుని బతికాడు. “నెలంతా ఒళ్ళు ఈడ్చుకోని తిరుగుతా మాల్యాద్రీ. ఆడికి పోతే మటుకు అలుపు తెలవదు. రెబెక్క పక్కనే కూచున్నట్టుంటాది,” అనేవాడు. నేను హిందువుణ్ణి, నాకా లెక్కలు తెలియవు. కానీ ఆదివారం నాడు వెళ్ళి వచ్చినప్పుడు అతని నడకే వేరుగా ఉండేది.

ఆ బల్లకు ఒక చిక్కు ఉంది. అతను సినిమా బొమ్మలు చేయడం మొదలుపెట్టినప్పుడే చర్చి సంఘంలో గొడవ లేచింది. విగ్రహాలు చేసేవాడికి మన మధ్య చోటేమిటని కొందరు పట్టుబట్టారు. సంఘ పెద్ద సంజీవరావుగారు, బడిపంతులుగా చేసి మానుకున్నాయన, ఆలోచించి ఒక తీర్పు చెప్పాడు. సినిమా నటుల బొమ్మలు పొట్టకూటి పని, తప్పు లేదు. అయితే సమాధానం చేసిన ఏ బొమ్మకైనా ఎవరైనా కర్పూరం వెలిగిస్తే, ఆ రోజు నుంచి అతను ప్రభువు బల్లకు రాకూడదు. సమాధానం సరేనన్నాడు.

అందుకని అతనొక పద్ధతి పెట్టుకున్నాడు. ఏ బొమ్మ చేసినా, అది వేషం వేసుకున్న నటుడే అని తెలిసే గుర్తు ఒకటి వదిలేవాడు. మహారాజు నుదుటి మీద విగ్గు అంచు కనబడేది. మునీశ్వరుడి గడ్డం చెవి దగ్గర కాస్త ఊడినట్టు ఉండేది. మొహానికి పూసిన మేకప్పు మెడ దగ్గర ఆగిపోయి, కింద అసలు ఒంటి రంగు తేలేది. అందరూ నిజమైన మనిషిలా ఉందని ముక్కు మీద వేలేసుకునేది ఈ గుర్తుల వల్లనే. సమాధానం మాత్రం వాటిని సాక్ష్యాలు అనేవాడు, బల్ల దగ్గర తన చోటును కాపాడే సాక్ష్యాలు.

అరవై మూడో సంవత్సరమనుకుంటాను, ‘అలలమ్మ మహిమ’ అనే సినిమా మా డేరాకు వచ్చింది. సముద్రంలోంచి వచ్చిన అమ్మవారు చేపలు పట్టేవాళ్ళ ఇంట్లో కూతురిగా పెరగడం కథ. పక్కనే చేపలు పట్టేవాళ్ళ పాలెం. కామాక్షయ్యగారికి ఇక పట్టపగ్గాల్లేవు. నిలువెత్తు అలలమ్మ కావాలన్నాడు.

“అమ్మవారి బొమ్మ నేను చెయ్యలేనయ్యా,” అన్నాడు సమాధానం.

“అమ్మవారు కాదయ్యా సామీ, అమ్మవారి ఏషం ఏసుకున్న ఆడమనిషి. నీకు నటి బొమ్మ చేసేదానికి అడ్డమేంది?” అన్నాడు కామాక్షయ్య. నోటితో ఆయన్ను గెలిచినవాడు ఆ చుట్టుపక్కల లేడు.

సమాధానం స్టిల్ ఫొటోలు తీసుకుని ఎండలో కూర్చుని భూతద్దంతో వెతికాడు. విగ్గు అంచు లేదు, నగల కింద మెడ కనబడదు. మేకప్పు వేసినవాడెవడో గానీ గట్టివాడే. చివరికి ఒక ఫొటోలో ఎడమ జబ్బ మీద, పౌడరు కింద నుంచి లీలగా, రెండు టీకా మచ్చలు దొరికాయి. దేవతకు టీకాలు వేసేదెవరు? నటి అని చెప్పడానికి అంతకన్నా ఏం కావాలి? అతను ఒప్పుకున్నాడు.

ఆ బొమ్మ చేసినన్నాళ్ళూ నాకే తల ప్రాణం తోకకొచ్చింది. నలుపు తెలుపు ఫొటో చూసి ఒంటి రంగు తేవాలి. తెలుపులో పసుపు కలిపాడు, ఎర్రటి జాజు కలిపాడు, ఉప్పుగాలిలో తిరిగే ఆడవాళ్ళ బుగ్గలు చూసి రమ్మని నన్ను పంపితే నేను పోలేదు, తన్నులు ఎవరు తింటారు? తనే పాలెం అంచున నిలబడి చూసి వచ్చాడు. కళ్ళ కింద చిటికెడు నీలం వేశాడు. గోళ్ళకు గులాబీ రంగు, పగిలిన మడమకు కొంచెం బూడిద రంగు. పెదాల మీద సన్నటి నిలువుగీతలు గీయడానికి ఒక పూట పట్టింది. కంటి నల్లగుడ్డు మీద వార్నీషు చుక్క పడేసరికి నేను వెనక్కి జరిగాను. చివరన జబ్బ మీద పచ్చి సుద్ద కొంచెం అద్ది, దర్జీలు వేలికి తొడుక్కునే అంగుస్తానుతో ఒత్తాడు. దాని గుంటలన్నీ పడి అచ్చంగా టీకా మచ్చ తయారైంది. పక్కన ఇంకొకటి ఒత్తాడు. చుట్టూ లేత ఊదారంగు పులిమి, చాలాసేపు దగ్గుకుని, ఇసుకలోనే వెనక్కి వాలి పడుకున్నాడు.

“ఎవురన్నా అడిగితే ముందు ఆ చెయ్యి చూపించు మాల్యాద్రీ,” అన్నాడు కళ్ళు మూసుకునే.

ఎవరూ అడగలేదు. వాళ్ళే చూసుకున్నారు.

పాలెంలో చెంచమ్మ అని ఒకామె, ఎండుచేపలు అమ్ముకునేది. పెద్దబిడ్డను అంతకు ముందు ఏడాది అమ్మవారు పోసి పోగొట్టుకుంది. చిన్నదాన్ని చంకన వేసుకుని మొదటి ఆటకు వచ్చి, బొమ్మ ముందు ఆగింది. మొహం చూసింది, చెయ్యి చూసింది. ఆ మచ్చ మీద వేలు పెట్టి గుంటలు తడుముకుంది.

“అమ్మవారి చుక్కలే! తల్లి ఒంటి మీద గూడా ఉండాయి,” అని అరిచి, అక్కడే మోకాళ్ళ మీద కూలబడి ఏడ్చింది.

అది నటి అని తెలియడానికి సమాధానం పెట్టిన గుర్తును వాళ్ళు మశూచి మచ్చ అనుకున్నారు. బిడ్డల్ని తీసుకుపోయే తల్లి ఆ బాధ తనూ పడిందని అర్థం చేసుకున్నారు. మర్నాటికి బొమ్మ చుట్టూ వేపరొట్ట, పసుపునీళ్ళు, కొబ్బరిచిప్పలు. కర్పూరం సంగతి చెప్పనే అక్కర్లేదు. సమాధానం పరుగెత్తుకెళ్ళి ఇది సినిమా బొమ్మని, ఇవి టీకా మచ్చలని మొత్తుకున్నాడు. ఆడవాళ్ళు అతన్ని జాలిగా చూశారు. “నీ చేత్తో తల్లే చేయించుకుంది లేన్నా, నీకెట్టా తెలస్తది?” అన్నది చెంచమ్మ. కామాక్షయ్యగారు మాత్రం డేరా నిండినందుకు లోపల్లోపల మురిసిపోతూ, పైకి భక్తిగా మొహం పెట్టుకుని తిరిగాడు. ఆయన్ను చూస్తే నాకు ఒళ్ళు మండేది.

ఆ రోజుల్లోనే టీకాలు వేసే హజరత్తయ్య వచ్చాడు. అతను వస్తున్నాడంటే పాలెం మొత్తం బిడ్డల్ని చంకనేసుకుని సరుగుడు తోపులోకి పారిపోయేది. సూది పొడిపించుకుంటే అమ్మవారికి కోపం వస్తుందని వాళ్ళ భయం. ప్రతిసారీ అతను ఖాళీ గుడిసెలకు దండం పెట్టి వెళ్ళిపోయేవాడు. ఈసారి ఎండకు తాళలేక చొక్కా చేతులు పైకి మడిచి మా డేరా నీడన కూర్చున్నాడు. చెంచమ్మ కళ్ళు అతని జబ్బ మీద పడ్డాయి. లేచి వెళ్ళి బొమ్మ చెయ్యి చూసింది, మళ్ళీ వచ్చి ఇతని చెయ్యి చూసింది.

“తల్లి మచ్చ నీకెట్టా వచ్చింది?”

హజరత్తయ్య అమాయకుడేం కాదు. “నేను పొడిచేది ఆ మచ్చేనమ్మా. అది ఉన్నోళ్ళ జోలికి అమ్మవారు రాదు,” అన్నాడు.

చెంచమ్మ చాలాసేపు ఊగిసలాడింది. చివరికి చిన్నదాని చెయ్యి పట్టుకుని అతని ముందు చాపింది. సూది పడుతుంటే బిడ్డకన్నా ఆమే ఎక్కువ ఏడ్చింది. ఆ మర్నాడు ఇంకో నాలుగిళ్ళవాళ్ళు వచ్చారు. ముందు బొమ్మ మచ్చను తాకి కళ్ళకద్దుకోవడం, తర్వాత హజరత్తయ్య దగ్గర చెయ్యి చాపడం. అదొక మొక్కులా సాగింది.

కర్పూరం కబురు కోవూరు చేరడానికి ఎంతసేపు పడుతుంది? సంజీవరావుగారు బస్సులో నెల్లూరు వచ్చి, అక్కడినుంచి ఇంకో బస్సు పట్టుకుని, చెప్పుల నిండా ఇసుకతో మా డేరా ముందు దిగబడ్డాడు. ఆయనా పెద్దవాడే, ఆయాసపడుతున్నాడు. హారతి పళ్ళాలు చూశాడు. కోప్పడతాడనుకున్నాను గానీ, ఆయన దిగులుగా సమాధానం పక్కన కూర్చున్నాడు.

“నీ మనసు నాకు తెలుసు సమాధానం. కావాలని చేసిన పని కాదు. ఆ మచ్చలను చూసే గదా వీళ్ళు మొక్కతుండేది? అవి గీకెయ్. వీళ్ళందరి ముందర ఇది ఉత్త సుద్దబొమ్మ అని గీకి చూపించు. సంఘంలో నేను చెప్పుకుంటా. నీ చోటు నీకుంటాది.”

సమాధానం తలాడించాడు. సంచిలోంచి చిన్న గోకుడు కత్తి తీశాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. పోనీ, సమాధానం చోటు సమాధానానికి మిగులుతుంది అనుకున్నాను.

అప్పుడే హజరత్తయ్య పరుగున వచ్చాడు. ఎవరో చెప్పి ఉంటారు. “అన్నా, నీ కాళ్ళు పట్టుకుంటా, దాన్ని ముట్టుకోబాక. సగం పాలెమే అయ్యింది. ఇప్పటికే వీళ్ళు తాకీ తాకీ మచ్చ అరిగిపొయ్యింది, గుంటల్లో పసుపు నిండిపొయ్యింది. ఎనకొచ్చినోళ్ళు తల్లి చేతి మీద ఏమీ లేదే అని తిరుక్కోని పోతుండారు. నువ్వు గీకితే రేపు అందరూ మళ్ళీ తోపులోకే. అవతల ఊళ్ళో అమ్మవారు పోసిందంట అన్నా.”

సంజీవరావుగారు కత్తి మీద నుంచి చూపు తిప్పుకున్నాడు. ఆయనకూ బిడ్డలున్నారు. సమాధానం కత్తి పట్టుకుని బొమ్మ దగ్గరకు వెళ్ళి, దాని జబ్బ వైపు చూస్తూ నిలబడ్డాడు. ఎండ మండుతోంది. దగ్గు వచ్చింది, దగ్గాడు. వచ్చి డేరా గుంజకు ఆనుకుని కూలబడ్డాడు. అంత అలిసిపోయిన మనిషిని నేను మళ్ళీ చూడలేదు.

“అవతల ఊళ్ళో పోసినోళ్ళు పెద్దోళ్ళా, బిడ్డలా?” అని అడిగాడు.

“బిడ్డలే.”

అతను లేచాడు. గోకుడు కత్తితో గుంటల్లోని పసుపంతా శుభ్రంగా తీశాడు. సంజీవరావుగారు ఊపిరి పీల్చుకున్నాడు. కానీ సమాధానం అక్కడితో ఆగలేదు. సుద్ద తడిపి జబ్బ మీద అద్ది, అంగుస్తాను తొడుక్కుని మళ్ళీ ఒత్తాడు, ముందుకన్నా లోతుగా. వేళ్ళు వంగకపోతే ఎడమచేత్తో కుడిచేతిని పట్టుకుని ఊదారంగు వేశాడు. ఆరాక, తాకినా పోకుండా పైన వార్నీషు పూశాడు.

“బల్ల గుర్తుందా సమాధానం?” అన్నాడు సంజీవరావుగారు. “నేను చూడనట్టు పోవాలనే ఉంది. సంఘంలో అడిగితే మటుకు లేదని చెప్పలేను.”

“లేదని చెప్పబాకండయ్యా. ఉన్నదే చెప్పండి.”

ఆ వారంలో పాలెమంతా చేతులు చాచింది. ఆ ఏడు మశూచి చుట్టుపక్కల ఊళ్ళను ఏడిపించింది గానీ పాలెంలో ఇదివరకటిలా బిడ్డలు పోలేదు. సినిమా మారింది. వానలకు అలలమ్మ మట్టి కరిగి, గడ్డి బయటపడి, చివరికి సముద్రంలో కలిసింది. పాలెంవాళ్ళు తల్లి పుట్టింటికి పోయిందన్నారు. అందరి పనీ అయిపోయింది, సమాధానానిది తప్ప.

సంఘం అతన్ని బల్ల నుంచి నిలిపేసింది. అయితే సంజీవరావుగారు పోరాడి ఒక దారి పెట్టించాడు. అందరి ముందూ నిలబడి, ఆ మచ్చలు రెండోసారి వేయడం తప్పయిందని ఒప్పుకుంటే చాలు, మళ్ళీ బల్లకు రావచ్చు. ఎంతలో పని! నేనైతే ఒకటికి నాలుగుసార్లు అనేసేవాణ్ణి. సమాధానం నెలలు గడుస్తున్నా అనలేదు. కానీ ప్రతి మొదటి ఆదివారం కోవూరు వెళ్ళడం మాత్రం మానలేదు.

దగ్గు ముదిరి ఒంటరిగా బస్సెక్కలేని స్థితి వచ్చాక, ఒక ఆదివారం నేను తోడు వెళ్ళాను. పాటలయ్యాయి, ప్రసంగమయ్యింది. బల్ల మొదలయ్యే ముందు, అందులో పాలుపంచుకోనివాళ్ళు బయటకు రావాలి. చిన్నపిల్లలతో పాటు సమాధానమూ లేచి వచ్చి, వసారాలో నా పక్కన గోడకానుకుని కూర్చున్నాడు. సంజీవరావుగారు గడప దాకా వచ్చాడు.

“ఈ నెలన్నా చెప్తావా సమాధానం? ఒక్క మాట.”

“చెప్పలేనయ్యా.”

ఆయన తలుపు దగ్గరకు వేసుకుని లోపలికి వెళ్ళాడు. నాకు కోపం ఆగలేదు.

“అనేస్తే ఏం పొయ్యిందన్నా? తప్పని నోటితో అను, మనసులో కాదనుకో. దేవుడికి తెలవదా?”

“తెలుసు గాబట్టే అనలేకపోతుండా. అబద్ధం చెప్పి ఆ బల్ల కాడ కూచుంటే ఆ రొట్టె గొంతు దిగుతాదా?”

లోపల మాటలు ఆగిపోయాయి, రొట్టె పళ్ళెం చేతులు మారుతున్నట్టుంది. అతను మూసిన తలుపు వైపే చూస్తున్నాడు. కళ్ళ నీళ్ళు ఎప్పుడూ కారేవే గనక నేను వాటిని పట్టించుకోలేదు.

“నా బాధ నా గురించి కాదు మాల్యాద్రీ,” అన్నాడు మెల్లగా. “కాపరానికొచ్చిన కాడ్నుంచి రెబెక్క నాకంటే ముందు ఒక్క ముద్ద తినలేదు. ఎంత పొద్దుబొయ్యి ఇంటికి పొయ్యినా కంచం పక్కన పెట్టుకోని కూచోనుండేది. లోపల బల్ల కాడ అది గూడా పస్తే గదా.”